రష్యా ఈల

హౌరాలో మా పేటంతా అన్నా అని పిలిచే తపన్ దా మా విశాఖపట్నం ఇంటికి వచ్చి వెళ్ళి నెల దాటింది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో హౌరా నుంచి ఒక్కడే రైలెక్కి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ సంచిలోంచి బొటనవేలంత వస్తువొకటి తీసి తన లాప్‌టాప్‌కి గుచ్చాడు. దానికో తీగ తగిలించి, రెండో కొసను బాల్కనీలో బట్టలారేసే దండేనికి చుట్టాడు. "కొత్త చెప్పుల జత ధర కూడా లేదు రాజీ ఈ రేడియో," అన్నాడు బెంగాలీలో. పది నిమిషాలకు తెర మీద నల్లటి మైదానంలో పసుపుపచ్చ గీత ఒకటి పైనుంచి కిందికి పాకడం మొదలైంది. ఆ గీత ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల ఎత్తున మా మీదుగా పోతున్న ఉపగ్రహం గొంతు.  నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే బల్ల మీద లేని ఒక గుండ్రటి మీట కోసం వెతికింది. తపన్ దా అది చూసి నవ్వాడు. ఆ మీట ఎవరి రేడియోదో, దాన్ని తిప్పుతూ నేను ఎవరి పక్కన కూర్చునేదాన్నో తెలిసినవాళ్ళం ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం.

మా నాన్న అప్పలస్వామి హౌరాలో రైల్వే తారుబాబు. అంటే స్టేషన్ నుంచి స్టేషన్‌కి తీగ మీద టక్కుటక్కుమని వచ్చే మోర్స్ కబుర్లను చెవితో విని కాగితం మీద పెట్టేవాడు. ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చి ఆ కొలువులో చేరాడు. టికియాపారాలో రైలు పట్టాలకు ఆనుకున్న క్వార్టర్లలో రెండు గదులు మావి. పొద్దున్నే ఆరు కుంపట్ల బొగ్గు పొగ ఒక్కటై మెట్ల మీదుగా పైకెక్కేది. పక్క వాటా బెంగాలీ పిన్ని, మాశీమా, ఆవనూనె మరిగించే ఘాటు, మా అమ్మ ఎండు నెత్తళ్ళు వేయించే వాసన నడవలో ఢీకొనేవి. మాశీమా ముక్కు మూసుకుని "శుట్కి! శుట్కి!" అని ఎండుచేపల పేరు పెట్టి అరిచేది, అరిచి మధ్యాహ్నం గిన్నె పట్టుకుని కూర కోసం వచ్చేది. ఎదుటి సందులో లేతు మిషన్ల షెడ్లు. వాటి గీకుడు మొదలైతే మాకు తొమ్మిదైనట్టు.

నాన్నకు వేళ్ళు ఊరుకునేవి కావు. మంచినీళ్ళ గ్లాసు మీద, కిటికీ ఊచ మీద, అన్నం కలుపుతూ కంచం అంచు మీద ఏదో ఒక కబురు కొట్టేవాడు. చిన్నప్పుడు నన్ను పడుకోబెట్టేటప్పుడు వీపు మీద తట్టిన తట్లు కూడా అక్షరాలేనని నాకు ఏడేళ్ళు వచ్చాక తెలిసింది. నా పేరు అలా నేర్చుకున్నాను, పలక మీద కన్నా ముందు వీపు మీద. బెంగాలీవాళ్ళు ఆ భాషను టొరేటొక్కా అనేవారు. మా క్వార్టర్ల పిల్లలందరికీ నాన్న టొరేటొక్కా బాబే.

నేను నది అవతల కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఆ పని పోయింది. ఉద్యోగం పోలేదు, పని పోయింది. తీగ కబుర్ల స్థానంలో ఫోన్లు, టైపు కొట్టే యంత్రాలు వచ్చేశాయి. నాన్నను పార్సిళ్ళ ఆఫీసుకు మార్చారు. చేపల బుట్టలకూ గుడ్డల మూటలకూ చీటీలు అంటించే చోట కూర్చోబెట్టారు.  వారం తిరక్కుండానే అమ్మ వంటింట్లో నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"సూసినావేటే? మీ నాన్న ఏళ్ళు సచ్చిపోనాయి."

నిజమే. వేళ్ళు గ్లాసు పట్టుకుంటే గ్లాసు పట్టుకోవడమే. అన్నం తింటే తినడమే. నెల తర్వాత ఒక సాయంత్రం పీట మీద కూర్చుని, "ముందుగా రిటైరైపోతాను. ఊరెల్లిపోదాం," అన్నాడు. వెళ్ళిపోతే క్వార్టర్ వదిలేయాలి. క్వార్టర్ లేకపోతే నా చదువు లేదు. అది ఆయనకు తెలుసు. తెలిసే నా ముఖం వైపు చూడకుండా అన్నాడు.

ఆ రోజుల్లోనే మా కాలేజీ లైబ్రరీలో రేడియోలు సొంతంగా కట్టుకునేవాళ్ళ కోసం వచ్చే ఇంగ్లీషు పత్రిక ఒకటి నా చేతికొచ్చింది. అందులో ఒక పేజీ చదివి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. రష్యావాళ్ళు ఔత్సాహికుల కోసం చిన్న ఉపగ్రహం ఒకటి పైకి పంపారట. అది భూమి చుట్టూ గంటా ముప్పావుకొక చుట్టు తిరుగుతూ, తన ఒంట్లో వేడి ఎంత, బ్యాటరీ ఎలా ఉంది అన్నది ఎడతెరిపి లేకుండా చెప్తూనే ఉంటుందట. ఏ భాషలో? మోర్స్‌లో! మామూలు ఇంటి రేడియోకు ముందు ఒక్క చిన్న పెట్టె చేర్చుకుంటే ఎవరైనా వినొచ్చట. విని రాసి పంపితే మాస్కోలో పుచ్చుకుంటారట. ఆ పేజీని నోటుపుస్తకంలోకి అక్షరం వదలకుండా దించుకుని, ట్రాము కోసం ఆగకుండా ఫెర్రీ రేవు దాకా పరుగెత్తినంత పని చేశాను.

మొదట డాబా మీద తీగ కట్టాను. అమ్మ బట్టల దండెం పక్కనే, నీళ్ళ ట్యాంకు నుంచి మెట్ల గది దాకా, మధ్యలో తెంచి కిందికి దించిన రాగి తీగ. రెండో రోజుకే పాడా క్లబ్బు, అంటే పేట కుర్రాళ్ళ సంఘం, తరఫున తపన్ దా వచ్చాడు. అప్పటికి అతను ముప్ఫై దాటిన మనిషి. పగలు లేతు షెడ్డులో పని, సాయంత్రం రేడియోల రిపేరు, మిగిలిన టైమంతా ఎర్రజెండా పార్టీ ఊరేగింపులు.

"ఎటా కీ తార్, ఇదేం తీగ రాజీ? క్లబ్బులో అందరూ అడుగుతున్నారు. ఎవరి మాటలు వింటున్నావు? ఎవరికి చెప్తున్నావు?" అన్నాడు, తీగను వేలితో మీటి చూస్తూ.

"ఎవరికీ చెప్పడం లేదు దాదా. వినడానికే. రష్యావాళ్ళ ఉపగ్రహం."

అతని ముఖం మారిపోయింది. "రష్యాదా? ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!" అని నోటుపుస్తకం లాక్కున్నాడు. అందులో దించుకున్న పెట్టె సర్క్యూటు బొమ్మను పైనుంచి కిందికి చూసి, "ఇందులో సగం సామాను నా డబ్బాలోనే ఉంది. మిగతాది చాందినీ మార్కెట్లో పాత సెట్ల కుప్పలో ఏరుకుందాం," అన్నాడు. రెండు ఆదివారాలు పట్టింది. సబ్బు పెట్టెలో ఆ చిన్న యంత్రాన్ని అతను అతికాడు, నేను తీగచుట్టలు చుట్టాను.

చిక్కు ఒకటుంది. అంత చేసినా మోర్స్ మామూలు రేడియోలో ఈలగా వినపడదు, హోరు కాస్త హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది అంతే. రెండో రేడియోను పక్కనే ఆనించి పెట్టి, దాని మీటను సరైన చోటికి తిప్పితే మొదటి దాంట్లో ఈల పుడుతుంది. మొదటిది తపన్ దా తన రిపేరు సామాన్లలోంచి తెచ్చాడు, రెండో రేడియో అంటే ఇంట్లో ఉన్నది అమ్మదే. పొద్దున పూట పాటలు వినకుండా ఆవిడ పొయ్యి వెలిగించదు.

"నా రేడియో మీ రష్యావోడికి దేనికే?" అంది అమ్మ.

"వాడి గొంతు విప్పడానికమ్మా."

"ఆడి గొంతు ఇప్పితే నా గొంతు మూసుకోవాలేటి?" అంది. అంటూనే దుమ్ము తుడిచి ఇచ్చింది.

మొదటిసారి విన్న పూట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆదివారం పొద్దున, హోరు, హోరు, హోరు. వేళ్ళు నొప్పి పుట్టేలా మీట తిప్పుతున్నాను. ఉన్నట్టుండి ఆ హోరు అడుగునుంచి సన్నటి ఈల, పిచిక పిల్ల కూతంత. టీ-టీటీ-టీ. నేను కేక వేశాను. తపన్ దా ఎగిరి గంతేయబోయి, మోకాలు సబ్బు పెట్టెకు తగలబోతే ఆగాడు. నేను మెట్లు దిగి వెళ్ళి, నూనె రాసుకుంటున్న నాన్న చెయ్యి పట్టుకుని డాబా మీదకి లాక్కొచ్చాను.

నాన్న తల వంచి విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఈల రానురాను బొంగురుపోతూ, హోరులో మునిగి తేలుతూ పోయి చివరికి ఆగిపోయింది. నాన్న పెన్సిల్ ఒక్క గీతా గీయలేదు.

"మోర్సే. కాని నాకు అందడం లేదే," అన్నాడు మెల్లగా. "నేను టక్కుటక్కు విన్నోణ్ణి. ఇనుము ఇనుమును కొట్టే సప్పుడు. ఈ ఈల నాకు తెల్దు. ముప్పయ్యేళ్ళు తీగ మీద బతికినాను, ఇదీ అర్థం కాలేదు సూడు."

ఆయన దిగి వెళ్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటూ నేను చేసింది మంచో చెడో తెలియక నిలబడ్డాను. ఆయనకు మిగిలిన ఒక్క విద్యా కూడా పనికిరాదని నేనే పిలిచి చూపించినట్టయింది.

ఆ సాయంత్రం నాకొక ఆలోచన వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని, పేపర్లో ఒక వార్త తీసుకుని, అక్షరం అక్షరం ఈల వేయడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు వీపు మీద నేర్చుకున్నదంతా నాలుక చివరికి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఒలే, ఆడపిల్ల ఇంట్లో ఈలెయ్యడమేటే! ఇరుగుపొరుగోళ్ళు ఏటనుకుంటారు?"

నాన్న చెయ్యెత్తి ఆవిడను ఆపాడు. "ఉండు. ఇది చేపల ధర చెప్తంది."

నిజంగానే నేను వేసింది చేపల ధరల వార్త. అంతే, ఇల్లు ఈలల పాలైంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం గంట. నా పెదాలు పగిలిపోయి కొబ్బరినూనె రాసుకునేదాన్ని. మాశీమా తలుపు దగ్గర నిలబడి, "మీ పిల్లకి ఏ పిట్ట పూనింది?" అని అమ్మను అడిగేది. మూడో వారానికి నాన్న నా ఈల కన్నా ముందే మాట పూర్తి చేసేస్తున్నాడు. ఒక రోజు అన్నం తింటూ ఎడమచేతి వేళ్ళతో నేల మీద తట్టాడు. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరం తలలు దించుకుని తిన్నాం. నవ్వితే ఆయన ఆపేస్తాడని భయం.

డాబా మీద మాత్రం అంత సులువు కాలేదు. ఉపగ్రహం వచ్చే వేళలు తపన్ దా చాక్‌పీసుతో ట్యాంకు మీద రాసేవాడు. వస్తే పావుగంట ఉంటుంది. మన వైపు వస్తున్నప్పుడు ఈల సన్నగా, దాటి పోతున్నప్పుడు బొంగురుగా మారుతుంది. "ఇంజను కూత లాగే కదే," అని నాన్న ఒక్క మాటలో పట్టేశాడు. అందుకని ఆయన రాస్తుంటే నేను అమ్మ రేడియో మీటను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఈలను నిలబెట్టాలి. అసలు శత్రువు ఊరి రొద. లేతు మిషన్లు, ట్యూబ్‌లైట్లు, టికియాపారా షెడ్డులోకి వచ్చే కరెంటు రైళ్ళు, ప్రతి ఒక్కటీ రేడియోలో గరగరమనేది. కరెంటు పోయిందంటే చాలు, మొత్తం పేట "లోడ్‌షెడ్డింగ్!" అని తిట్టుకుంటుంటే మేం ముగ్గురం డాబా మీదకి పరుగు. అప్పటికీ రైళ్ళ గొడవ పోదు. నాన్న రాసిన కాగితాల్లో సగం, అందని అక్షరాల చోట పెట్టిన చుక్కలే. అరపేజీ నిండింది లేదు.

అలాంటి రోజుల్లో బంద్ వచ్చింది. రాష్ట్రమంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అంతకు ముందు రోజు నాన్న తన ముందస్తు రిటైర్మెంటు దరఖాస్తు రాసుకున్నాడు. ముత్యాల్లాంటి చేతిరాతతో, నింపాదిగా. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఎల్లుండి ఇచ్చేస్తాను," అన్నాడు అమ్మతో. అంతా కుదురుకుంటోందని నేననుకున్నాను. డాబా మీద వినడం సరదా, చీటీలు అంటించడం బతుకు. ఆ తేడా ఆయన మర్చిపోలేదు.

బంద్ పొద్దున లేచేసరికి ఊరు ఊరులా లేదు. లేతు షెడ్లు మూత. పట్టాల మీద ఒక్క రైలూ లేదు. పిల్లలు నడిరోడ్డు మీద ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. ఎక్కడో కాకి అరిస్తే క్వార్టర్లన్నిటికీ వినపడుతోంది. తపన్ దా ఆ రోజు ఊరేగింపులో ఉండాల్సిన మనిషి, ఎనిమిదింటికే మెట్లెక్కి వచ్చేశాడు. నేను రేడియో పెట్టి మీట తిప్పాను. హోరు కూడా లేదు. సద్దు మణిగిన గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది, అంతే.

ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. ఆ ఈల అంత తేటగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. మా నెత్తి మీద కూర్చుని వేస్తున్నట్టుంది. నాన్న పెన్సిల్ పరుగెత్తింది. రెండక్షరాలు, రెండంకెలు. మళ్ళీ రెండక్షరాలు, రెండంకెలు. ఒక్క చుక్క లేదు, ఒక్క తడబాటు లేదు. ఆయన కళ్ళు మూసుకునే రాస్తున్నాడు. ముఖంలో ముప్పై ఏళ్ళ కిందటి కుర్రవాడెవడో కనిపించాడు. నేను ఎన్నడూ చూడనివాడు. నేను మీట తిప్పుతున్నాను. తెచ్చిన కాగితాలు రెండే, ఎన్నడూ అంతకన్నా అవసరం పడలేదు కదా. రెండో కాగితం అడుగుకు వచ్చేసింది. "కాయితం! కాయితం!" అని నాన్న ఎడమచెయ్యి చాపాడు. నేను మీట వదిలితే ఈల పోతుంది. తపన్ దా జేబులు తడుముకున్నాడు. నాన్న ఆగలేదు, తన జేబులోంచి మడత కాగితం లాగి, మోకాలి మీద తిరగేసి పరిచి, దాని వెనక రాస్తూ పోయాడు. అది ఏ కాగితమో ఆయన కన్నా ముందు నాకు తెలిసింది. నేను మీట తిప్పుతూనే ఉన్నాను.

ఈల సన్నగిల్లి ఆగాక పత్రిక పేజీ పక్కన పెట్టుకుని అంకెలకు అర్థాలు చూశాం. బ్యాటరీ బాగుంది. "లోపల వేడి ఇరవయ్యారు డిగ్రీలు," అని చదివాను. అప్పటికే అమ్మ టీ పట్టుకుని పైకి వచ్చింది. "మన గది కన్నా నయమే," అంది. తర్వాత మోకాలి మీది కాగితం చూసి, "ఏటండీ, అది రాత్రి రాసిన దరకాస్తు కాదా?" అంది.

నాన్న తిరగేసి చూశాడు. మళ్ళీ అంకెల వైపు తిప్పి, "ఇంకో కాయితం మీద రాసుకోవచ్చులే," అన్నాడు.

రాయలేదు. మర్నాడు రాయలేదు, ఆ నెలా రాయలేదు. మేమెవరం అడగలేదు. రిటైరయ్యే దాకా ఆ పార్సిళ్ళ ఆఫీసుకే వెళ్ళాడు, చేపల బుట్టలకు చీటీలు అంటించాడు. నా చదువు పూర్తయింది. ఆ పొద్దుటి అంకెలను శుభ్రంగా ఎత్తి రాసి మాస్కోకు పంపితే, వానాకాలం వెళ్ళాక రాకెట్ బొమ్మున్న కార్డొకటి వచ్చింది. ఆ పూట మన వైపు నుంచి అంత పూర్తిగా అందుకున్నవాళ్ళు మరొకరు లేరని, చాలా ఉపయోగపడిందని ఇంగ్లీషులో రాశారు. పైన చిరునామాలో 'టెలిగ్రాఫిస్ట్ అప్పలస్వామి' అని ఉంది. అలా నేనే రాసి పంపాను. నాన్న ఆ ఒక్క మాటనే వేలితో తడిమాడు. ఆ తర్వాత సొంత రేడియో కేంద్రం పెట్టుకోవాలనే కుర్రాళ్ళు, లైసెన్సు పరీక్షలో మోర్స్ ఉంటుందని, శిబ్‌పూర్ నుంచీ సాల్కియా నుంచీ మా డాబాకు రావడం మొదలైంది. మొదటి శిష్యురాలిని నేను, రెండోవాడు తపన్ దా. ఆయన పోయేనాటికి ఎంతమందికి నేర్పాడో నాకు లెక్క తెలియదు.

ఇప్పుడు ఎవరికీ చెవి అక్కర్లేదు. తెర మీద గీత దానంతటదే అక్షరాలై పడుతుంది. ఉపగ్రహం ఎప్పుడొస్తుందో ఫోనే చెప్తుంది. అది చూసి నాకేమీ దిగులు కలగలేదు, కలిగిందని చెప్తే అబద్ధం. మా బాల్కనీలో ఆ పసుపు గీతను చూసి నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. కాని అప్పుడు ఆ ఒక్క గొంతు వినడానికి ముగ్గురు మనుషులు, రెండు రేడియోలు, నోరు మూసుకున్న ఒక మహానగరం కావలసి వచ్చాయి. ఇప్పుడు మనిషొక్కడు చాలు. ఆ ఒక్కడి పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదు. అది లాభమో నష్టమో నేను తేల్చలేను. తపన్ దాను అడిగితే, "రెండూనూ," అని ఇంకో బిస్కట్టు తీసుకున్నాడు.

బంద్ నాటి రెండో రాక గురించి ఇంకా చెప్పలేదు. గంటా ముప్పావు తర్వాత అది మళ్ళీ రావాలి. ఆలోపు కబురు పేటంతా పాకింది. మాశీమా, క్రికెట్ పిల్లలు, క్లబ్బువాళ్ళు, బంద్ కదా ఎవరికీ పని లేదు, డాబా నిండిపోయింది. ఈల వచ్చింది. ఈసారి నాన్న పెన్సిల్ పట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. నేను మీట తిప్పుతున్నాను. సన్నటి ఈల ఒక్కసారిగా బొంగురుపోవడం మొదలైంది, అంటే అది మమ్మల్ని దాటి దక్షిణానికి పోతోంది. నాన్న గిరుక్కున ఆ వైపు తిరిగాడు. గడియారం ఉన్న చెయ్యి పైకెత్తి, ప్లాట్‌ఫారం మీద అరిచినట్టు అరవడం మొదలుపెట్టాడు.

"ఖరగ్‌పూర్! బాలాసోర్! భద్రక్! కటక్!"

మా ఊరికి పోయే ఒక రాత్రి రైలు ప్రయాణాన్ని ఆయన ఒక్క ఊపిరిలో చెప్తున్నాడు. పిల్లలు వెంట అందుకున్నారు.

"ఖుర్దా రోడ్! బరంపురం! ఇచ్ఛాపురం!"

అమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆవిడ పుట్టిల్లు సోంపేట పక్కన. నాలుగేళ్ళుగా వెళ్ళలేదు.

"సోంపేట వచ్చిందేటి?" అంది, పిట్టగోడ పట్టుకుని.

"దాటిపోనాది! పలాస కూడా దాటిపోనాది!"

"అప్పుడే!" అని అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మాశీమా ఏమీ అర్థం కాకపోయినా ఆవిడ భుజం పట్టుకుని నవ్వింది. కింద పట్టాలు ఎండలో ఖాళీగా మెరుస్తున్నాయి. ఆ రోజు హౌరా నుంచి దక్షిణానికి పోయిన బండి అదొక్కటే. నాన్న చివరి స్టేషన్ చెప్పి, గడియారం వైపు చూసుకుని, ఊపిరి అందక రొప్పుతూ నా వైపు తిరిగాడు.

"రైట్ టైమేనే రాజీ," అన్నాడు.